ఇంజిన్‌కు కొత్త కంప్యూటర్, గేర్లకు పాతదే: ఆటోమేటిక్ లెక్సస్‌లో రెండిటినీ కలిపి బిగించడం ఎలా

ఆటోమేటిక్ బండికి టర్బో పెడతానని ఎవరితోనైనా అనండి, "ముందు ఆ గేర్‌బాక్స్ పీకేసి మాన్యువల్ వేసుకో" అంటారు. నాకూ అదే చెప్పారు, నేను వినలేదు. డల్లాస్ ట్రాఫిక్‌లో రోజూ క్లచ్ తొక్కే ఓపిక నాకు లేదు, మా ఆవిడకు అసలే లేదు. బండి 1993 లెక్సస్ ఎస్సీ300. మూడు లీటర్ల 2జేజడ్-జీఈ ఇంజిన్, వెనకాల ఏ340ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్.

ఇందులో చిక్కు ఏమిటంటే, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నడిపేది ఒకటే పెట్టె. పెట్రోలు ఎంత కొట్టాలో, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో, మూడో గేరు ఎప్పుడు వేయాలో అన్నీ దాని పనే. టర్బో కోసం దాన్ని తీసి బయటి కంపెనీ ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెడితే ఇంజిన్ బ్రహ్మాండంగా స్టార్టవుతుంది. డి (డ్రైవ్) లో పెట్టి కదిలిస్తే మాత్రం బండి నాలుగో గేరులో ఈడ్చుకుంటూ వెళ్తుంది.

దీనికి మూడు దారులున్నాయి. గేర్లను కూడా నడపగల ఖరీదైన ఈసీయూ కొనడం ఒకటి. గేర్‌బాక్స్‌కి విడిగా ఒక కంట్రోలర్ పెట్టడం రెండోది. పాత కంప్యూటర్‌ని తీయకుండా గేర్ల పనికి ఉంచి, పెట్రోలు, స్పార్క్ మాత్రం కొత్తదానికి అప్పగించడం మూడోది. ఈ తరం టొయోటాలకు నా ఓటు మూడోదానికే. ఏ వేగంలో ఏ గేరు, ఎక్కడ లాకప్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ జారకుండా నేరుగా కలిపే లాక్), బ్రేకు తొక్కితే ఏం చేయాలి అన్న లెక్కలు ఫ్యాక్టరీ వాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని వేశారు. వాటిని మనం వీకెండ్‌లో మళ్లీ వేయక్కర్లేదు.

అయితే ఇది అన్ని బండ్లకూ కుదరదు. జీఎం వాళ్ల 4ఎల్60ఈ లాంటివాటిలో ఆయిల్ ప్రెషర్‌ని కూడా కంప్యూటరే కరెంటుతో సరిచేస్తుంది, దానికి సరైన కంట్రోలర్ ఉండాల్సిందే. కొత్త తరం బండ్లలో గేర్‌బాక్స్, ఇంజిన్ క్యాన్ వైర్ల (కంప్యూటర్లు సందేశాలు పంపుకునే వైర్లు) మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, అక్కడ ఈ జంట పద్ధతి నడవదు. ఏ340ఈ పాత కాలపు మనిషి. ఆయిల్ ప్రెషర్ థ్రాటిల్ కేబుల్‌తో, గేర్లు రెండు ఆన్-ఆఫ్ సోలెనాయిడ్లతో (కరెంటుతో తెరిచి మూసే వాల్వులు). అందుకే మనకు వీలు దొరికింది.

బిగించే ముందు గేర్‌బాక్స్‌ని పరీక్షించండి

ముందే అరిగిపోయిన గేర్‌బాక్స్ మీద ఈ పని చేస్తే, తర్వాత వచ్చే ప్రతి తేడాకీ మీ వైరింగ్‌నే అనుమానిస్తూ కూర్చుంటారు. ఇంజిన్ బాగా వేడెక్కాక, బ్రేకు తొక్కి, ఐడిల్‌లో ఎన్ నుంచి డి కి మార్చండి. బండి చిన్నగా కుదుపు ఇచ్చేవరకు 1.2 సెకన్ల లోపు పట్టాలి. ఎన్ నుంచి ఆర్ కి 1.5 సెకన్ల లోపు. అంతకంటే ఎక్కువైతే ప్రెషర్ తక్కువో, క్లచ్ ప్లేట్లు అరిగాయో అని అర్థం. డిప్‌స్టిక్ తీసి ఏటీఎఫ్ (గేర్‌బాక్స్ ఆయిల్) వాసన చూడండి. మాడిన వాసన వస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూసుకోండి.

తర్వాత ఒక నోట్‌బుక్ పట్టుకుని బండి నడపండి. పెడల్ కొంచెం తొక్కినప్పుడు, సగం తొక్కినప్పుడు, పూర్తిగా తొక్కినప్పుడు ఏ వేగంలో గేర్లు మారుతున్నాయో, ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మారుతున్నాయో రాసుకోండి. పనంతా అయ్యాక కూడా గేర్లు అవే వేగాల్లో మారాలి.

ఏ వైరు ఎవరికి

కారు వైర్లను నేరుగా కోయకండి. పాత ఈసీయూ కనెక్టర్ల లాంటివి పాత సామాన్ల యార్డులో దొరుకుతాయి. వాటితో మధ్యలో పెట్టే ఒక వైర్ల కట్ట (హార్నెస్) తయారుచేసుకుంటే, రేపు ఏదైనా తేడా వస్తే అది ఊడదీసి అరగంటలో బండిని పాత స్థితికి తెచ్చేయవచ్చు. మీ సంవత్సరం బండి వైరింగ్ బొమ్మ చేతిలో లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. 1992 నుంచి 1995 వరకు వచ్చినవి ఒక రకం, 1996 నుంచి ఓబీడీ2 (కొత్త తరం డయాగ్నోస్టిక్ పద్ధతి) వచ్చాక మరో రకం. ఇక్కడ చెప్పేది మొదటి రకం గురించి.

పాతదాని నుంచి పూర్తిగా తీసి కొత్తదానికి ఇవ్వాల్సినవి కొన్నే. ఇంజెక్టర్ల వైర్లు, స్పార్క్ పుట్టించే ఇగ్నైటర్‌కి వెళ్లే ఐజీటీ వైరు, ఐడిల్ వాల్వు వైర్లు. ఐడిల్ వాల్వుని రెండు కంప్యూటర్లూ తిప్పబోతే అది ఎవరి మాటా వినదు, కాబట్టి ఒకరికే ఇవ్వండి. ఇగ్నైటర్ నుంచి తిరిగి వచ్చే ఐజీఎఫ్ వైరుని మాత్రం పాతదానికే ఉంచండి. అది రాకపోతే పాత కంప్యూటర్ స్పార్క్ లేదనుకుని కోడ్ 14 అనే తప్పు సంకేతం పెట్టి కూర్చుంటుంది. అందుకే మొదటి దశలోనే డిస్ట్రిబ్యూటర్ తీసేసి ప్లగ్గుకో కాయిల్ పెట్టే ఆలోచన వద్దు. ఎయిర్ ఫ్లో మీటర్‌ని, ఆక్సిజన్ సెన్సార్‌ని కూడా ప్రస్తుతానికి పాతదాని దగ్గరే వదిలేయండి. కొత్త ఈసీయూకి మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్ కొలిచేది), వైడ్‌బ్యాండ్ సెన్సార్ (పొగలో ఆక్సిజన్‌ని బట్టి గాలి-పెట్రోలు పాళ్లు కొలిచేది) విడిగా పెట్టుకోండి.

పాతదాని దగ్గర తాకకూడనివి: రెండు సోలెనాయిడ్లు ఎస్1, ఎస్2, లాకప్ సోలెనాయిడ్, స్పీడ్ సెన్సార్లు ఎస్పీ1, ఎస్పీ2, న్యూట్రల్ స్టార్ట్ స్విచ్, బ్రేకు లైటు స్విచ్, ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) బటన్, పవర్-నార్మల్ స్విచ్. బ్రేకు స్విచ్ గేర్‌బాక్స్‌కి ఎందుకని అడిగిన మిత్రుడు ఒకడున్నాడు. బ్రేకు తొక్కగానే లాకప్ వదలాలి, లేకపోతే ఆగేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది.

కొత్త ఈసీయూకి కరెంటు సొంత రిలే, సొంత ఫ్యూజు నుంచి ఇవ్వండి. పెట్రోలు పంపుని కొత్తదే నడపాలి. ఇంజెక్టర్లు ఒకరి చేతిలో, పంపు ఇంకొకరి చేతిలో ఉంటే ప్రమాదం. ఇంజిన్ ఆగినా పంపు తిరుగుతూనే ఉండవచ్చు.

పంచుకునే సెన్సార్లు: అసలు కష్టం ఇక్కడే

మిగిలినవి రెండు కంప్యూటర్లకూ కావాల్సిన సెన్సార్లు. నేను రెండు వారాలు పోగొట్టుకున్నది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ అంటే ఒక పొటెన్షియోమీటర్. 5 వోల్టులూ ఎర్తూ పాత కంప్యూటర్ నుంచే అందుకోనివ్వండి. సిగ్నల్ వైరు వీటీఏ నుంచి ఒక కొమ్మ తీసి కొత్తదానికి ఇవ్వండి, అంతే. కొత్తదాని 5 వోల్టుల వైరుని దీనికి కలపకండి. మూసి ఉన్నప్పుడు 0.3 నుంచి 0.8 వోల్టు, పూర్తిగా తెరిచినప్పుడు 3.2 నుంచి 4.9 వోల్టు చూపాలి. కొమ్మ తీయకముందు, తీశాక రెండుసార్లూ కొలవండి. అంకె కదలకూడదు. కదిలితే ఎర్త్‌లో తేడా ఉన్నట్టు. కొత్తదాని ఎర్త్ వైర్లను బాడీకి కాక, పాతదాని ఎర్త్ వైర్లు బిగించిన చోటే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీద బిగించండి. ఐడీఎల్ అనే ఐడిల్ కాంటాక్ట్ వైరుని మాత్రం పాతదానికే ఉంచండి. పెద్ద థ్రాటిల్ బాడీ వేయాలనుకునేవాళ్లు ఐడీఎల్ కాంటాక్ట్ ఉన్న సెన్సార్ దానికి పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

ఇంజిన్ వేడి చెప్పే కూలెంట్ సెన్సార్ అలా కాదు. అది థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ప్రతి కంప్యూటర్ లోపలా 5 వోల్టులకు కట్టిన ఒక పుల్-అప్ రెసిస్టర్ ఉంటుంది. సెన్సార్, ఆ రెసిస్టర్ కలిసి వోల్టేజిని పంచుకుంటాయి, ఆ పంపకాన్ని బట్టే కంప్యూటర్ వేడిని లెక్కిస్తుంది. ఒకే సెన్సార్‌కి రెండు కంప్యూటర్లు కడితే రెండు పుల్-అప్‌లు పక్కపక్కన చేరి లెక్క మొత్తం తప్పుతుంది.

ఎంత తప్పుతుందో చూడండి. మెగాస్క్విర్ట్ అనే బయటి ఈసీయూలో పుల్-అప్ 2.49 కిలో ఓమ్. పాతదానిలోనూ అంతే అనుకుందాం. 80 డిగ్రీల దగ్గర టొయోటా సెన్సార్ సుమారు 0.32 కిలో ఓమ్. ఒకే కంప్యూటర్ ఉంటే 0.57 వోల్టు వస్తుంది. రెండూ ఉంటే పుల్-అప్ సగమై, 1.02 వోల్టు వస్తుంది. ఆ వోల్టేజిని ఒంటరి లెక్కతో చదివే కంప్యూటర్‌కి సెన్సార్ 0.64 కిలో ఓమ్ అనిపిస్తుంది. అంటే 60 డిగ్రీల కంటే కాస్త దిగువ. ఇంజిన్ 80 దాటినా పాత కంప్యూటర్‌కి అది ఇంకా చల్లగానే ఉంది.

నాకు జరిగింది ఇదే. ఈ గేర్‌బాక్సుల్లో ఇంజిన్ సుమారు 50-60 డిగ్రీలకు చేరేవరకు ఓవర్‌డ్రైవ్ పడదు, లాకప్ రాదు. ఫ్యాక్టరీయే అలా పెట్టింది. నా బండి హైవే మీద మూడో గేరు దాటేది కాదు. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే గేర్‌బాక్స్ మొత్తం విప్పి రీబిల్డ్ చేయాలని, ఖర్చు మూడు వేల డాలర్లని చెప్పారు. ఇంటికొచ్చి, కొత్త ఈసీయూ వైపున్న కూలెంట్ వైరు పీకి చూస్తే పది నిమిషాల్లో నాలుగో గేరు పడింది.

అందుకే కొత్త ఈసీయూకి విడిగా ఒక కూలెంట్ సెన్సార్ పెట్టండి. ఇరవై డాలర్ల పని. గాలి వేడి చెప్పే సెన్సార్‌కీ ఇదే సూత్రం.

ఇంజిన్ తిరుగుడు చెప్పే ఎన్ఈ, జీ పికప్‌లు డిస్ట్రిబ్యూటర్ లోపల ఉంటాయి. ఇవి అయస్కాంతపు పికప్‌లు. క్రాంకింగ్‌లో (స్టార్ట్ చేసేటప్పుడు) వీటి నుంచి వచ్చే వోల్టేజి చాలా తక్కువ, రెండు కంప్యూటర్లూ లాగితే ఇంకా పడిపోతుంది. చాలా బండ్లలో పంచుకున్నా పనిచేస్తుంది, కొన్నింటిలో చలిలో స్టార్ట్ కాకుండా ఏడిపిస్తుంది. ఆసిలోస్కోప్ దొరికితే కొమ్మ తీయకముందు, తీశాక తరంగం చూడండి. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా చూసుకోండి. తారుమారైనా ఇంజిన్ తిరుగుతుంది, కానీ ఆర్‌పీఎం పెరిగే కొద్దీ టైమింగ్ జారిపోతుంది. టైమింగ్ లైటు పెట్టి 1,000 దగ్గర, 4,000 దగ్గర చూస్తే తెలుస్తుంది. సందేహం ఉంటే క్రాంక్ పుల్లీ మీద 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం, దాని పక్కన హాల్ సెన్సార్ పెట్టి కొత్తదానికి ఇచ్చేయండి. పాత పికప్‌లు పాతదానికే మిగులుతాయి. ఖర్చు కొంచెం ఎక్కువైనా టెన్షన్ పోతుంది.

థ్రాటిల్ కేబుల్

వైర్ల గొడవలో చాలామంది దీన్ని మర్చిపోతారు. థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి ఒక సన్నని కేబుల్ వెళ్తుంది. పెడల్ ఎంత తొక్కితే లోపల ఆయిల్ ప్రెషర్ అంత పెరుగుతుంది, క్లచ్ ప్లేట్లు అంత గట్టిగా పట్టుకుంటాయి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ మీది చిన్న స్టాపర్‌కీ రబ్బరు తొడుగు చివరికీ మధ్య 0 నుంచి 1 మిల్లీమీటరు దూరం ఉండాలి. వదులుగా ఉంటే గేర్లు మెత్తగా, సుఖంగా పడతాయి. ఆ సుఖం చూసి మోసపోకండి, లోపల ప్లేట్లు జారుతూ కాలుతుంటాయి.

టర్బో పెట్టేవాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ కేబుల్‌కి పెడల్ ఎంత తొక్కారో తెలుసు కానీ బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ప్రెషర్) గురించి తెలియదు. సగం పెడల్ మీద పూర్తి బూస్ట్ వస్తే ఇంజిన్ బలం పెరుగుతుంది, ఆయిల్ ప్రెషర్ సగానికే ఉంటుంది. కాబట్టి పెడల్ తక్కువగా ఉన్నప్పుడు బూస్ట్ కూడా తక్కువ వచ్చేలా కొత్త ఈసీయూలో పెట్టుకోండి. ఏటీఎఫ్‌కి అదనపు కూలర్ కూడా వేయండి.

గేరు మారేటప్పుడు స్పార్క్ వెనక్కి

ఫ్యాక్టరీ పద్ధతిలో గేరు మారే క్షణంలో కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేసి ఇంజిన్ బలం తగ్గిస్తుంది. ఇప్పుడు స్పార్క్ కొత్తదాని చేతిలో ఉంది, దానికి గేరు మారుతున్న సంగతే తెలియదు. పాతది ఆలస్యం చేయమంటుంది, వినేవాడు లేడు. గేర్లు జర్క్‌తో పడటం మొదలవుతుంది.

తెలియజేయడం తేలికే. ఎస్1, ఎస్2 వైర్లకు పాత కంప్యూటర్ 12 వోల్టులు ఇచ్చి సోలెనాయిడ్లను ఆన్ చేస్తుంది. ఒకటో గేరులో ఎస్1 ఒక్కటే ఆన్. రెండులో రెండూ ఆన్. మూడులో ఎస్2 ఒక్కటే. నాలుగులో రెండూ ఆఫ్. అంటే ప్రతి మార్పులోనూ ఒక్క వైరే మారుతుంది. ఈ రెండు వైర్ల నుంచి కొమ్మలు తీసి కొత్తదాని డిజిటల్ ఇన్‌పుట్‌లకు ఇవ్వండి. ఆ ఇన్‌పుట్ 12 వోల్టులు తట్టుకుంటుందో లేదో ముందు చూడండి. సోలెనాయిడ్ ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే వోల్టేజి పోటు వెళ్లకుండా మధ్యలో ఆప్టో-కప్లర్ (వైర్లు తగలకుండా కాంతితో సిగ్నల్ దాటించే భాగం) పెడితే మంచిది. ఇక కొత్త ఈసీయూకి గేరు అంకె తెలుస్తుంది, ఎప్పుడు మారిందో కూడా తెలుస్తుంది.

సోలెనాయిడ్ మారిన మరుక్షణం గేరు పడదు. ఆయిల్ నిండి ప్లేట్లు పట్టుకోవడానికి కాస్త సమయం పడుతుంది. లాగ్ తీసి, సోలెనాయిడ్ మార్పుకీ ఆర్‌పీఎం పడటం మొదలవడానికీ మధ్య ఎంత పట్టిందో చూడండి. స్పార్క్‌ని ఆ సమయానికి వెనక్కి తేవాలి, ముందు కాదు. 6 డిగ్రీలతో మొదలుపెట్టి, జర్క్ తగ్గేదాకా రెండేసి డిగ్రీలు పెంచండి. నాకు 10 దగ్గర సరిపోయింది.

ఇంకో సెట్టింగ్ మర్చిపోకండి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు గేరు ఎప్పుడు మార్చాలో పాత కంప్యూటర్ వేగాన్ని చూసి నిర్ణయిస్తుంది. కొత్తదాని రెవ్ లిమిటర్ (ఆర్‌పీఎం హద్దు దాటనివ్వని సెట్టింగ్) ఆ వేగానికి చేరకముందే అడ్డుపడితే బండి లిమిటర్ మీద గొణుగుతూ నిలబడుతుంది, గేరు ఎప్పటికీ మారదు. మీ నోట్‌బుక్‌లోని ఆర్‌పీఎం కంటే 300-400 పైన లిమిటర్ పెట్టండి.

డి లో పెట్టగానే ఐడిల్ పడిపోకుండా, న్యూట్రల్ స్విచ్ సిగ్నల్ నుంచి కూడా ఒక కొమ్మ కొత్తదానికి ఇస్తే బాగుంటుంది.

రోడ్డు మీద

ముందు నిలబెట్టి, డయాగ్నోస్టిక్ కనెక్టర్‌లో టీఈ1, ఈ1 కలిపి చెక్ ఇంజిన్ లైటు, ఓవర్‌డ్రైవ్ ఆఫ్ లైటు ఎన్నిసార్లు మిణుకుతున్నాయో లెక్కపెట్టండి (గేర్‌బాక్స్ కోడ్‌లు ఓవర్‌డ్రైవ్ ఆఫ్ లైటులో వస్తాయి). 41 వస్తే థ్రాటిల్ సెన్సార్. 42, 61 స్పీడ్ సెన్సార్లు. 62, 63 గేరు సోలెనాయిడ్లు, 64 లాకప్ సోలెనాయిడ్. సోలెనాయిడ్ కోడ్ వస్తే వైరుకీ బాడీకీ మధ్య కొలవండి, 11 నుంచి 15 ఓమ్‌లు ఉండాలి.

గేరు సరిగా పడకపోతే తప్పు కరెంటుదా గేర్‌బాక్స్‌దా తేల్చడానికి టొయోటా చెప్పిన పరీక్ష ఉంది. సోలెనాయిడ్ల కనెక్టర్ ఊడదీసి నడపండి. ఎల్ లో ఒకటో గేరు, 2 లో మూడో గేరు, డి లో నాలుగో గేరు రావాలి. వస్తే గేర్‌బాక్స్ ఆరోగ్యంగా ఉంది, తప్పు మీ వైరింగ్‌లో ఉంది. ఆ వర్క్‌షాప్‌లో నేను ముందు ఇది చేయించి ఉంటే రీబిల్డ్ మాట వచ్చేదే కాదు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి ఎమిషన్ (పొగ) పరీక్ష లేదు, కానీ ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ అన్ని బండ్లకూ వర్తిస్తుంది. కాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు బండ్లకు స్మాగ్ పరీక్ష ఉంది, అక్కడివాళ్లు చేయి పెట్టకముందే కనుక్కోండి. ఇండియాలో ఉన్నవాళ్లు బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి.

మొదటి రోజు 20 మైళ్లు మెల్లగా, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని నడపండి. పాత వేగాలకూ కొత్త వేగాలకూ తేడా వస్తే థ్రాటిల్ సిగ్నల్ దగ్గరికి వెళ్లండి, అక్కడే దొరుకుతుంది. 300 మైళ్ల తర్వాత ఏటీఎఫ్ డిప్‌స్టిక్‌ని తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. ఎర్రగా ఉంటే పెడల్ పూర్తిగా తొక్కవచ్చు. గోధుమ రంగుకి తిరిగిందంటే థ్రాటిల్ కేబుల్ స్టాపర్ దూరం మళ్లీ కొలవండి.